మాట వచ్చి చదువు రాని పిల్లలకు ఫోను, కంప్యూటరు సాయంతో తెలుగు నేర్పడం ఎలా?

బెంగళూరులో మారతహళ్ళి నుంచి వైట్‌ఫీల్డ్ వరకు ఏ అపార్టుమెంటు లిఫ్టు ఎక్కినా తెలుగు వినిపిస్తుంది. ఆ ఇళ్ళలోని పిల్లలకు అమ్మ చెప్పింది అర్థమవుతుంది, అవ్వతో వీడియో కాల్‌లో నాలుగు మాటలు మాట్లాడటం వచ్చు, కాని సెలవులకు అనంతపురమో కడపో వెళ్ళినప్పుడు బస్సు మీద రాసిన ఊరి పేరు చదవలేక నాన్న వైపు చూస్తారు. బడిలో వాళ్ళకు ఇంగ్లీషు ఉంది, 2015 నాటి కన్నడ భాషా అభ్యసన చట్టం వల్ల కన్నడం కూడా ఉంది. తెలుగు చదవడం, రాయడం నేర్పే పని మాత్రం ఇంటివాళ్ళ మీదా, ఆదివారం పూట క్లబ్‌హౌస్‌లో కుర్చీలు వేసుకుని పాఠం చెప్పే మనబోటివాళ్ళ మీదా పడింది.

అలా పాఠం చెప్పాలనుకునేవారి కోసం ఈ పద్ధతి రాస్తున్నాను. ఏడు నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలు ఎనిమిది పదిమంది, ఒక లాప్‌టాప్, దానికి తగిలించడానికి ఒక టీవీ, ఇంటింటా ఉండే ఫోను, ఇవి ఉంటే సరిపోతుంది. నేను గమనించినంతలో యంత్రం రెండు పనులు మనకంటే బాగా చేస్తుంది. దూరాన ఉన్న మనిషి గొంతును తెచ్చి పిల్లల చెవిన వేస్తుంది, అదే మాటను విసుగు లేకుండా వందసార్లు వినిపిస్తుంది. ఈ రెండు పనులకూ దాన్ని నిండుగా వాడుకుని, మిగిలిన పాఠం మీరే చెప్పాలి. కింది క్రమమంతా ఆ లెక్క మీదే నడుస్తుంది.

మొదటి ఆదివారం: పుస్తకం తెరవకుండా వినండి

అక్షరమాల చార్టు గోడకు తగిలించే ముందు, ఏ పిల్లకు ఎంత తెలుగు వచ్చో తెలుసుకోవాలి. ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి, "ఈ రోజు పొద్దున లేచినప్పటి నుంచి ఏమేం చేశావో చెప్పమ్మా" అని అడిగి, ఫోనులోని రికార్డరులో రెండు నిమిషాలు రికార్డు చేయండి. మధ్యలో దిద్దకండి, ఇంగ్లీషు మాట దొర్లినా అడ్డు తగలకండి. రికార్డు చేసే ముందు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవడం, ఆ ఫైళ్ళను అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఎన్నడూ పెట్టకపోవడం మొదటి నియమంగా పెట్టుకోండి. పిల్లల తప్పులు పదిమందికీ వినపడితే మళ్ళీ వాళ్ళు నోరు విప్పరు.

ఇంటికి వెళ్ళాక ఆ రికార్డులను తీరిగ్గా విని, గూగుల్ షీట్స్‌లో ఒక పట్టిక వేసుకోండి. పిల్ల పేరు, వాక్యం తెలుగులో పూర్తి చేసిందా లేదా, ఏ మాటల దగ్గర ఇంగ్లీషుకు మళ్ళింది, ల-ళ, న-ణ తేడా పలుకుతోందా, ఇంట్లో మాట్లాడేది ఏ ప్రాంతపు తెలుగు, బడిలో కన్నడం ఎన్నో ఏడాది చదువుతోంది అన్న ఆరు గడులు చాలు. ఈ చివరి గడి ఎందుకో కొంచెం ముందుకు వెళ్ళాక చెబుతాను. ఇలా విన్నప్పుడు మీకు మూడు రకాల పిల్లలు కనిపిస్తారు. అంతా అర్థమై ఇంగ్లీషులో జవాబు చెప్పేవారు, ధారాళంగా మాట్లాడినా ఒక్క అక్షరమూ రానివారు, అక్షరాలు గుర్తుపట్టినా ఒత్తుల దగ్గర ఆగిపోయేవారు. వీళ్ళందరికీ ఒకే పాఠం ఒకే వేగంతో చెబితే మొదటి రకంవారు మూడో వారానికి మానేస్తారు. కంప్యూటరు వల్ల కలిగే పెద్ద మేలు ఇక్కడే ఉంది. ఒక జట్టు హెడ్‌ఫోనుతో మాటలు వింటుంటే, మరొక జట్టు టైపు చేస్తుంటే, మూడో జట్టుతో మీరు కూర్చుని కథ చదివించవచ్చు.

రెండో మెట్టు: కంప్యూటరుకు తెలుగు నేర్పండి

విండోస్ కంప్యూటరులో సెట్టింగ్స్ తెరిచి, టైమ్ అండ్ లాంగ్వేజ్ విభాగంలో తెలుగును చేర్చండి. తరువాత విండోస్ కీ, స్పేస్ బార్ కలిపి నొక్కితే ఇంగ్లీషుకూ తెలుగుకూ మారవచ్చు. ఫోనులో గూగుల్ వారి కీబోర్డు ఆప్ అయిన జీబోర్డు సెట్టింగ్సులోకి వెళ్ళి తెలుగును చేర్చుకోవచ్చు. ఇంతవరకు ఐదు నిమిషాల పని. ఆలోచించవలసిన విషయం కీబోర్డును ఎంచుకోవడంలో ఉంది.

పెద్దవాళ్ళలో చాలామంది ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు రప్పించుకుంటారు. తెలుగు చదవడం ముందే వచ్చినవారికి అది సుఖమైన పద్ధతి. అక్షరాలు ఇప్పుడే నేర్చుకుంటున్న పిల్లలకు మాత్రం దాన్ని ఇవ్వవద్దని గట్టిగా చెబుతాను. అలా టైపు చేసే పిల్లవాడి తలలో మాట ఇంగ్లీషు స్పెల్లింగుగా నిలుస్తుంది, తెలుగు అక్షరం తెర మీద దానంతటదే వచ్చిపడే బొమ్మ అవుతుంది. వాళ్ళకు ఇన్‌స్క్రిప్టు కీబోర్డు నేర్పండి. 1986లో భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ మన భాషలన్నిటికీ ఉమ్మడిగా ప్రమాణంగా తెచ్చిన అమరిక ఇది. అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమ చేతి కిందికి, హల్లులు చాలావరకు కుడి చేతి కిందికి వస్తాయి. ఇంగ్లీషు కె కీ మీద క ఉంటే, షిఫ్టుతో అదే కీ ఖ ఇస్తుంది. ఐ కీ మీద గ, షిఫ్టుతో ఘ. ఎఫ్ కీ నొక్కితే గుడి పడుతుంది, షిఫ్టుతో నొక్కితే ఇ వస్తుంది. అంటే ఇ అనే అచ్చే హల్లు మీద గుడిగా మారుతుందన్న సంగతి పిల్లల వేళ్ళకు ముందే తెలిసిపోతుంది. గుణింతం గురించి బోర్డు మీద అరగంట చెప్పినా రాని ఆ ఎరుక, ఇక్కడ ఒక్క కీతో వస్తుంది.

ఒత్తు నేర్పడానికి నాకు ఇంతకంటే మంచి సాధనం దొరకలేదు. టీవీ మీద అక్షరాలు పెద్దవి చేసి, ఒక పిల్లచేత "అమ్మ" అని టైపు చేయించండి. ముందు అ, తరువాత మ, తరువాత డి కీ మీద ఉండే పొల్లు గుర్తు. అప్పుడు తెర మీది మ తలకట్టు పోయి "మ్" అవుతుంది, పిల్లలందరికీ అది కనిపిస్తుంది. అక్కడ ఆపి, "ఇప్పుడు దీన్ని పలకండి" అనండి. పెదవులు మూసుకుని అందరూ మ్ అంటారు. మళ్ళీ మ నొక్కగానే రెండో మ చిన్నదై మొదటిదాని కిందికి చేరుతుంది. మూసుకున్న పెదవులు తెరుచుకున్నప్పుడు వచ్చే శబ్దమే ఆ కిందికి చేరిన అక్షరమని పిల్లలు తామే చెబుతారు. అక్క, అవ్వ, అత్త, తాత అని వరుసగా చేయించి, "తాతలో పొల్లు ఎందుకు నొక్కలేదు?" అని అడగండి.

ఫాంటు విషయంలో ఒక మాట. పిల్లలకు చూపేది ఇరవై ఎనిమిది పాయింట్లకు తగ్గకుండా ఉండాలి. ద, ధ, థ తేడా ఒక గీతలోనో, నడిమి చుక్కలోనో ఉంటుంది కాబట్టి అంతకంటే చిన్నదైతే కళ్ళు పోల్చుకోలేవు. నోటో సాన్స్ తెలుగు, మండలి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి, స్పష్టంగానూ ఉంటాయి. డీటీపీ సెంటరులో అను ఫాంట్లతో కూర్చిన పాత ఫైళ్ళు ఎవరైనా ఇస్తే, వాటిలోంచి నేరుగా కాపీ చేయకండి. అవి యూనికోడ్ (ప్రతి భాషలోని ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ఉమ్మడి ప్రమాణం) కావు, అతికించిన చోట అర్థం లేని గుర్తులు వస్తాయి. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్ నుంచీ తెలుగు అందులో ఉంది, కాబట్టి మీరు కొత్తగా తయారు చేసే ప్రతి కాగితమూ యూనికోడ్‌లోనే ఉండాలి. అలాగే "సాఫ్ట్‌వేర్" వంటి మాట రాసినప్పుడు వ వచ్చి ట కింద ఒత్తుగా చేరి "సాఫ్ట్వేర్" అవుతుంది. ఆ రెంటినీ విడదీయడానికి కంటికి కనిపించని ఒక గుర్తు ఉంది, దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. సరిగా పడిన ఒక మాటను ఎక్కడైనా దాచుకుని, పొల్లుతో సహా ఆ ముక్కను కాపీ చేసి వాడుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే అమ్మానాన్నల పిల్లలు మొదటి నెలలోనే ఆ మాట రాస్తామంటారు కాబట్టి ఇది ముందుగా తెలిసి ఉండాలి.

మూడో మెట్టు: బడి కన్నడాన్ని ఆసరా చేసుకోండి

పట్టికలో కన్నడం ఎన్నో ఏడాది అన్న గడి ఇందుకు. బెంగళూరు పిల్లలకు హైదరాబాదు పిల్లలకు లేని ఒక మూలధనం ఉంది. వాళ్ళు బడిలో నేర్చుకుంటున్న కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు. కదంబుల, చాళుక్యుల కాలపు శాసనాల్లోని లిపిని పరిశోధకులు తెలుగు-కన్నడ లిపి అని ఒకే పేరుతో పిలుస్తారు. మూడో తరగతి కన్నడం చదివే పిల్లకు అ ఆ ఇ ఈ కొత్తగా నేర్పనవసరం లేదు. తెలిసినదాన్ని గుర్తు చేస్తే చాలు. ఈ మేలును వదులుకుని చాలామంది పిల్లలను మొదటి నుంచి దిద్దిస్తారు, పిల్లలు విసుగెత్తిపోతారు.

దీనికి కంప్యూటరులో ఒక పట్టిక చేయండి. గూగుల్ షీట్స్‌లో మొదటి నిలువు వరుసలో తెలుగు అక్షరాలు రాయండి. రెండో వరుసలో యూనికోడ్ అనే ఫంక్షను వాడితే ప్రతి అక్షరానికీ దాని సంఖ్య వస్తుంది. క సంఖ్య 3093. ఆ సంఖ్యకు 128 కలిపి, మూడో వరుసలో యూనిచార్ అనే ఫంక్షనుకు ఇవ్వండి. 3221 అవుతుంది, కన్నడ క ప్రత్యక్షమవుతుంది. ఈ రెండు భాషల అక్షరాలనూ యూనికోడ్‌లో ఒకే వరుసలో పేర్చారు కాబట్టి గ అయినా ళ అయినా సరిగ్గా 128 తేడాతో కన్నడ జోడీ దొరుకుతుంది. పదేళ్ళు దాటిన పిల్లలచేత ఈ పట్టిక వాళ్ళ చేతులతోనే చేయించండి. లెక్క చేస్తే అక్షరం పుట్టడం చూసిన పిల్లవాడు ఆ పట్టికను మరిచిపోడు.

పట్టిక పూర్తయ్యాక రంగులు వేయించండి. తలకట్టు గీతలోని తేడా పక్కన పెడితే గ, ట, డ, ణ, ద, బ, ర, ల వంటివి చూడగానే పోల్చుకోవచ్చు, వాటికి ఆకుపచ్చ. క, త, హ వంటివి బాగా వేరు, వాటికి ఎరుపు. మధ్యస్థంగా ఉన్నవాటికి పసుపు. ఏ అక్షరానికి ఏ రంగో పిల్లలు వాదించుకోనివ్వండి, మీరు తీర్పు చెప్పకండి. ఆ వాదనలోనే వాళ్ళు అక్షరాన్ని శ్రద్ధగా చూస్తారు. తరువాతి రెండు వారాలూ ఎరుపు అక్షరాలకే కేటాయించండి, ఆకుపచ్చవాటికి సమయం వృథా చేయకండి.

ఒక చోట జాగ్రత్త కావాలి. "ధర్మ" అన్న మాటను కన్నడంలో చదివే పిల్ల, ర్ శబ్దానికి గుర్తును మ తరువాత, పక్కన చూస్తుంది. దాన్ని కన్నడంలో అర్కావొత్తు అంటారు. తెలుగులో ఇప్పుడు ర ముందు రాసి, దాని కింద మ ఒత్తు పెడతాం. పూర్వం మనమూ వలపలగిలక అన్న పేరుతో ఆ పక్క గుర్తునే రాసేవాళ్ళం, పాత అచ్చు పుస్తకాల్లో అది ఇప్పటికీ కనిపిస్తుంది. ఇన్‌స్క్రిప్టు కీబోర్డు రెండు భాషలకూ ఒకటే కాబట్టి ధ, ర, పొల్లు, మ అన్న నాలుగు కీలనే ఒకసారి కన్నడంలో, ఒకసారి తెలుగులో నొక్కించి టీవీ మీద పక్కపక్కన చూపండి. నొక్కిన క్రమం మారలేదు, రాత మాత్రమే మారిందని వాళ్ళకు తేలుతుంది.

మాటలకూ ఇదే ఉపాయం పనికొస్తుంది. పాలు-హాలు, పులి-హులి, పాము-హావు, పల్లె-హళ్ళి, పండు-హణ్ణు అని ఒక్కొక్క స్లయిడు మీద ఒక్కొక్క జత పెట్టి, తెలుగు మాటను దాచి, కన్నడ మాటను చూపి ఊహించమనండి. మాట మొదటి ప కన్నడంలో హ అయిందన్న సూత్రాన్ని మీరు చెప్పకముందే ఎవరో ఒకరు అరిచి చెబుతారు. ఆ వెంటనే "ఊట" చూపండి. కన్నడంలో ఊట అంటే భోజనం, మనకు చెలమలో నీళ్ళు ఊరడం. బెంగళూరు మాటల్లో "తిండి" అంటే పొద్దుటి టిఫిను, మనకు ఏ పూట తినేదైనా తిండే. ఇలాంటి మాటలను వేరే షీటులో పోగు చేయమంటే పిల్లలు ఇంట్లో పనిమనిషినీ, సెక్యూరిటీ తాతనూ కూడా అడిగి తెస్తారు.

నాలుగో మెట్టు: అవ్వ గొంతుతో కార్డులు

ఈ పద్ధతి అంతటికీ ప్రాణం ఇది. దీనికి సమయం ఎక్కువ పట్టినా తగ్గించకండి. పిల్లలు నేర్చుకోవలసిన మాటలు అరవై ఎంచుకోండి. వంటింట్లోవి, ఒంట్లోని భాగాలు, వరసలు, వానాకాలం, సంతలో అమ్మేవి. వాటిని ఏ పిల్ల మాటలు ఆ పిల్ల అవ్వ, తాత, జేజి, అమ్మమ్మలచేతనే చెప్పించి రికార్డు చేయాలి. రెడీమేడు ఆప్‌లో ఎవరో స్టూడియోలో పలికిన "వేరుశెనగ" కంటే, ధర్మవరంలోని జేజి "చెనిక్కాయలు ఏంచినా, తిందువు రా" అన్న మాట పిల్లల మనసులో నాటుకుంటుంది. గుంటూరు తాత వేరుశెనగ అన్నా, కరీంనగరు నాయనమ్మ పల్లికాయ అన్నా, అన్నీ ఉంచుకోండి. ఏది సరైన తెలుగు అని పిల్లలు అడుగుతారు. మూడూ సరైనవే, ఎవరి ఊరి మాట వాళ్ళదని నిస్సంకోచంగా చెప్పండి. వీలైతే కార్తీక మాసం చివరి సోమవారం బసవనగుడిలో జరిగే కడలెకాయి పరిషె అనే వేరుశెనగ జాతరకు పిల్లలను తీసుకువెళ్ళండి. అదే కాయకు కన్నడం పేరు అక్కడి కుప్పల పక్కన అమ్మేవాళ్ళ నోటే వినిపిస్తుంది.

రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపమనండి. ఫోను నోటికి జానెడు దూరంలో ఉండాలి. ఒట్టి మాట చెప్పమంటే పెద్దవాళ్ళు బిగుసుకుపోయి పుస్తకంలోలా పలుకుతారు, అందుకని ఆ మాట వచ్చేలా ఒక చిన్న వాక్యం చెప్పమని అడగండి. "రోలు" అనమనడానికి బదులు, "అవ్వా, పచ్చడి దేంట్లో నూరతావు?" అని పిల్లచేతనే అడిగించండి. ఒక వాక్యానికి ఒక ఫైలు. ఆ ఫైళ్ళను కంప్యూటరుకు మార్చుకుని, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ముందూ వెనకా ఉన్న ఖాళీని కత్తిరించి, తెలుగులోనే పేరు పెట్టి భద్రపరచండి.

ఇక కార్డులు. ఆంకి అనే ప్రోగ్రాము కంప్యూటరులోనూ ఆండ్రాయిడ్ ఫోనులోనూ ఉచితం, ఐఫోనులో మాత్రం డబ్బు కట్టాలి. అందులో కొత్త డెక్ (కార్డుల కట్ట) తెరిచి, కార్డు ముందు వైపు రికార్డు మాత్రమే పెట్టండి. వెనక వైపు ఆ మాట పెద్ద అక్షరాల్లో, కింద ఒక ఫొటో. ఆ ఫొటో కూడా వాళ్ళ ఊరి రోలుది, వాళ్ళ ఇంటి చేటదీ అయితే మరీ మంచిది. ఇంగ్లీషు అర్థం ఎక్కడా రాయకండి. పిల్ల వింటుంది, నోట్‌బుక్కులో రాస్తుంది, కార్డు తిప్పి సరిచూసుకుంటుంది. సరిగా రాసిన మాట కొన్నాళ్ళ తరువాత, తప్పిన మాట ఆ రోజే మళ్ళీ ఎదురయ్యేలా ప్రోగ్రాము చూసుకుంటుంది. నేర్చినది మొదటి రోజుల్లోనే ఎక్కువగా మరిచిపోతామని, ఎడం ఇచ్చి వల్లె వేస్తే నిలుస్తుందని జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ 1885లోనే తన మీద తాను ప్రయోగాలు చేసుకుని చూపించాడు. ఆంకి చేసేది ఆ లెక్కను గుర్తుంచుకోవడమే. వారానికి పది కొత్త మాటలు మించకండి. రోజుకు పది నిమిషాలు, రాత్రి భోజనానికి ముందు. అంతకు మించిన సమయం నేను ఏ పిల్లకూ చెప్పను.

రికార్డులను రెండు చోట్ల దాచండి. నేను ఫోను మార్చినప్పుడు పాత ఫోనులోని ఫైళ్ళు పోయాయి. వాటిలో ఒక పాప తాతగారు చెప్పిన ముప్పై మాటలు ఉన్నాయి. ఆయన ఆ వేసవిలోనే కన్నుమూశారు. ఆ పాపకు నేను ఏమీ తెచ్చి ఇవ్వలేకపోయాను. అప్పటి నుంచి రికార్డు అయిన రోజునే ఒక ప్రతి గూగుల్ డ్రైవులో, ఒక ప్రతి పెన్‌డ్రైవులో వేసి, ఆ పెన్‌డ్రైవును పిల్లల ఇంట్లోనే ఇస్తున్నాను. మీరు మొదటి రోజునుంచే అలా చేయండి.

ఐదో మెట్టు: కథ

నలభై మాటలు చదవడం వచ్చేసరికి కథ చేతికి ఇవ్వాలి. దీనికి దూరం పోనవసరం లేదు. 2004లో మన బెంగళూరులోనే మొదలైన ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో స్టోరీవీవర్ అనే వేదికను తెరిచింది. అందులో తెలుగు కథలు స్థాయిలవారీగా ఉచితంగా ఉన్నాయి. మొదటి స్థాయిలో పేజీకి ఒకటి రెండు వాక్యాలే. కథలను క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఇచ్చారు కాబట్టి అచ్చు వేసుకోవచ్చు, రచయిత, చిత్రకారుల పేర్లు ఉంచి మాటలు మార్చుకోవచ్చు కూడా.

ముందు కథను టీవీ మీద పెట్టి మీరు చదవండి, వేలితో చూపకండి. రెండోసారి మౌసును అక్షరాల కింద నడుపుతూ చదవండి. తరువాత అచ్చు ప్రతులు పంచి, పిల్లలనే చదవమని, వాళ్ళు చదివింది ఎవరి ఫోనులో వారు రికార్డు చేసుకోమనండి. తమ గొంతు తాము విన్నప్పుడు ఎక్కడ ఆగామో వాళ్ళకే తెలుస్తుంది, మళ్ళీ రికార్డు చేస్తామంటారు. మూడుసార్లు చదవమని మీరు బతిమాలితే చదవనివాళ్ళు, రికార్డు బాగా రావడానికి ఐదుసార్లు చదువుతారు. అదే కథ కన్నడంలోనూ దొరికితే ఆ ప్రతిని పక్కన పెట్టండి. ఇక పెద్ద పిల్లలకు, ఆ కథలోని పుస్తక భాషను తమ ఇంటి మాటల్లోకి మార్చి తిరిగి టైపు చేసే పని ఇవ్వండి. "ఎక్కడికి వెళ్తున్నావు?" అన్న వాక్యాన్ని ఒకరు "యాడికి పోతాండావు?" అని మారిస్తే, ఇంకొకరు "ఎక్కడికెళ్తన్నావ్?" అని మారుస్తారు. రెండింటినీ టీవీ మీద చదివించండి.

ఆరో మెట్టు: వాయిస్ టైపింగు, యంత్రానువాదం

ఈ రెండూ పదేళ్ళు దాటినవారికే. జీబోర్డులో మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడితే తెర మీద అక్షరాలు పడతాయి. పలుకుబడి సరిచూడటానికి దీన్ని అద్దంలా వాడవచ్చు. "నాకు రాత్రి ఒక కల వచ్చింది" అని, "నాట్యం ఒక కళ" అని పలికించండి. ల, ళ తేడా ఇంగ్లీషు మీడియం పిల్లల నోట తొందరగా అరిగిపోతుంది. అలా అరిగిన పిల్లకు "హళ్ళి అంటావు కదా, ఆ ళనే ఇక్కడ పలుకు" అని కన్నడ మాటను గుర్తు చేస్తే నాలుక దారికి వస్తుంది. అయితే ఒక హెచ్చరిక. యంత్రం చుట్టూ ఉన్న మాటలను బట్టి ఊహించి అక్షరం వేస్తుంది, కాబట్టి తప్పు పలికినా ఒప్పు పడవచ్చు, ఒప్పు పలికినా తప్పు పడవచ్చు. ఇంటి యాసలో సరిగానే మాట్లాడిన పిల్లకు తెర మీద వేరే మాట పడినప్పుడు, తప్పు తనదే అనుకుని చిన్నబుచ్చుకుంటుంది. అప్పుడు మీరు పక్కనే ఉండి, పొరబడింది యంత్రమని చెప్పాలి. అందుకే దీన్ని ఇంటికి హోంవర్కుగా ఇవ్వవద్దు, తరగతిలోనే చేయించండి.

యంత్రానువాదంతో నేను చేయించే పాఠం ఒకటే, కాని దాన్ని ఎన్ని వారాలైనా సాగదీయవచ్చు. "వియ్ ఆర్ గోయింగ్ టు ద టెంపుల్" అన్న ఇంగ్లీషు వాక్యాన్ని గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో వేసి, వచ్చిన తెలుగును టీవీ మీద పెట్టండి. మేము అని వచ్చిందా, మనం అని వచ్చిందా? "అవ్వ ఇంటికి తాళం వేసుకుని మనతో వస్తోంది. ఇప్పుడు ఏమనాలి? అవ్వ గుమ్మంలో కూర్చుని మనల్ని సాగనంపుతోంది, అవ్వతో చెప్పేటప్పుడు ఏమనాలి?" అని అడగండి. ఇంగ్లీషుకు ఈ తేడా లేదు, నేటి కన్నడంలోనూ రెండింటికీ "నావు" ఒక్కటే, కాబట్టి ఇక్కడ బడి చదువు వాళ్ళకు సాయం రాదు. ఇంట్లో వినీ వినీ చెవికి పట్టిన తెలుగు మాత్రమే వస్తుంది. అక్షరం రాని పిల్లలు కూడా ఈ ప్రశ్నకు తడుముకోకుండా సరైన జవాబు చెబుతారు. తమకు తెలిసి, యంత్రం తడబడే సంగతి ఒకటి ఉందని గ్రహించిన రోజున వాళ్ళ ముఖాలు చూడండి. తరువాతి వారం "యూ" అన్న మాటతో ఇదే చేయించి నువ్వు, మీరు ఎవరితో ఎప్పుడు వాడాలో చర్చించండి. ఆ తరువాత "షీ"కి అది, ఆమె, ఆవిడ. ఇంట్లో మేనత్తను ఏమంటారో, పనిమనిషిని ఏమంటారో, టీచరును ఏమంటారో అడిగితే మర్యాద గురించి పెద్ద సంభాషణే నడుస్తుంది.

మాటకు అర్థం కావలసినప్పుడు చాట్‌బాట్‌ను అడగడం పిల్లలకు అప్పుడే అలవాటైపోయింది. అది చెప్పిన అర్థాన్ని నిఘంటువులో చూసి నిర్ధారించుకోవడం కూడా అలవాటు చేయండి. ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఒక మాట కొడితే పలు నిఘంటువుల్లోని అర్థాలు ఒకేచోట వస్తాయి. వాటిలో 1852లో తొలిసారి అచ్చయిన బ్రౌను దొర నిఘంటువు కూడా ఉంది.

చేతిరాత

అక్షరం చేత్తో కాగితం మీదే నేర్పండి. మొదట్లో నేను టాబ్లెట్ మీద వేలితో అక్షరం దిద్దే ఆప్ ఒకటి ఇచ్చాను. పిల్లలు నక్షత్రాలు గెలుచుకున్నారు, నెల తరువాత నాలుగు గీతల పుస్తకం ఇస్తే క కూడా రాయలేకపోయారు. చుక్కల దారి కనిపిస్తుంటే వేలు దాని వెంట పోతుంది, అక్షరం ఎక్కడ మొదలవుతుందో మెదడు గుర్తుపెట్టుకోదు. ఇప్పుడు యంత్రాన్ని చూపడానికే వాడతాను. నా చెయ్యి అక్షరం రాస్తుండగా పైనుంచి ఫోనుతో తీసిన పది సెకన్ల వీడియోలు యాభై ఆరు ఉన్నాయి. పిల్లలు వాటిని నెమ్మది వేగంలో చూసి, పెన్సిలుతో పుస్తకంలో రాస్తారు.

పన్నెండో ఆదివారం

మళ్ళీ ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి, మొదటి రోజు అడిగిన ప్రశ్ననే అడిగి, రెండు నిమిషాలు రికార్డు చేయండి. తరువాత ఆ పిల్ల పుట్టక ముందు నాటిదైన ఏదో ఒక కాగితం, తాతగారి ఉత్తరమో పెళ్ళిపత్రికో, ఇంటి నుంచి తెప్పించి నాలుగు వాక్యాలు చదివించండి. అదీ రికార్డు చేయండి. ఇంట్లో అమ్మానాన్నలను కూర్చోబెట్టి, ఊళ్ళో ఉన్న అవ్వకు ఫోను కలిపి, మొదటి రికార్డునూ ఈ రెంటినీ వరుసగా వినిపించండి. పట్టికలోని ఆరు గడుల పక్కన కొత్త తేదీ వేసి మళ్ళీ నింపండి. ఇంకా ఎర్రగానే ఉన్న అక్షరాలు, ఆంకిలో పదే పదే తప్పుతున్న మాటలు వేరు చేసి రాసుకుంటే, పదమూడో ఆదివారం పాఠం ఏమిటో మీ ముందు ఉంటుంది.